చెవులు వదిలేసి గుంజీలు తీద్దాం

కామారెడ్డి జిల్లా కలెక్టర్ గారికి,



ఈ జిల్లా ఇంకా నిజామాబాద్‌లో భాగంగా ఉన్న రోజుల నుంచి సర్కారు బడుల్లో పీఈటీగా పనిచేసి రిటైరైనవాణ్ని. నిజాంసాగర్‌లో కాపురం. అర్జీ ఉంటే సోమవారం ప్రజావాణికి రావాలని తెలుసు. కానీ నేను చెప్పబోయేది నా ఇంటి పంచాయితీ కాదు. పైగా ఇందులో నేను చేసిన తప్పు కూడా ఉంది. నలుగురి ముందు చేసిన తప్పును నలుగురి ముందే ఒప్పుకుంటే బాగుంటుందని ఇలా రాస్తున్నాను.

విషయం గొంతుక్కూర్చోవడం. మడిమలు నేలకు ఆనించి, మోకాళ్లు పూర్తిగా ముడిచి, పిరుదులు నేలకు తగలకుండా కూర్చుంటామే, అది. ఇంత పెద్ద ఆఫీసుకు ఇంత చిన్న సంగతి రాస్తారా అని మీకు అనిపించవచ్చు. కాస్త ఓపిక పట్టండి.

మొన్న వేసవి సెలవులకు మా మనవడు హైదరాబాద్ నుంచి వచ్చాడు. పదకొండేళ్లు. క్రికెట్ ఆడతాడు, ఈత కొడతాడు, ఏ రోగమూ లేదు. వచ్చిన రెండో రోజు సాయంత్రానికి కడుపు పట్టుకుని ఒక మూల కూలబడ్డాడు. సంగతేమిటంటే మా ఇంట్లో ఉన్నది నేలలో బిగించిన లెట్రిన్. వాడికి దాని మీద కూర్చోవడం రాదు. కూర్చోబోతే మడిమలు లేస్తాయి, ముందుకు తూలి గోడ పట్టుకుంటాడు, భయమేసి లేచి వచ్చేస్తాడు. రెండు రోజులు అలాగే బిగబట్టాడు. మా ఆవిడ వాణ్ని తిట్టలేక నన్ను తిట్టింది. “ఊరందరి పిల్లలకు కసరత్తు నేర్పినవు, ఇంట్ల పోరనికి కూసునుడు నేర్పకపోతివి!”

పదకొండేళ్లవాడికి రానిది రెండేళ్ల పిల్లలకు వచ్చు. ఏ అంగన్‌వాడీకైనా వెళ్లి చూడండి. కింద పడిన చాక్లెట్ కాగితం తీయడానికి ఏ పాపా నడుము వంచదు. చక్కగా గొంతుక్కూర్చుని తీస్తుంది, కాసేపు అక్కడే ఆడుకుంటుంది, చెయ్యి నేలకు ఆనించకుండా లేస్తుంది. ఎవరూ నేర్పలేదు. మరి ఆ విద్య ఎక్కడ పోతుంది? ఎక్కువగా చీలమండ దగ్గర. గొంతుక్కూర్చుంటే ముంగాలు పాదం మీదికి బాగా వంగాలి. కుర్చీకి, బెంచీకి, సోఫాకు, కమోడ్‌కు ఆ వంపుతో పని లేదు. పని లేనిదాన్ని ఒళ్లు దాచి ఉంచదు. పిక్క బిగుసుకుంటుంది, మడిమ లేస్తుంది, మనిషి తూలిపోతాడు.

1893లో లాహోర్‌లో హేవలాక్ చార్లెస్ అనే శరీరశాస్త్ర ఆచార్యుడు పంజాబీల కాలి ఎముకలు పరిశీలించి ఒక వ్యాసం రాశాడు. చీలమండ దగ్గర ఎముకకు ఎముక ఒత్తుకుని ఏర్పడ్డ నున్నటి గుర్తులు అందులో వర్ణించాడు. జీవితమంతా గొంతుక్కూర్చున్నవాళ్ల ఎముకల మీద పడే ముద్రలవి. తవ్వకాల్లో దొరికిన పాత అస్థిపంజరాలు చూసి ఆ మనుషులు ఎలా కూర్చునేవారో చెప్పడానికి ఇప్పటికీ ఆ గుర్తులనే వెతుకుతారు. మా అమ్మ ఎముకల మీద అవి ఉండే ఉంటాయి. మా మనవడి ఎముకల మీద పడవు. ఇద్దరికీ మధ్య ఉన్నవి రెండు తరాలే.

ఇప్పుడు నా తప్పు సంగతి.

మీకు తెలిసే ఉంటుంది, మా దిక్కు జాతరంటే కుస్తీ ఉండాల్సిందే. కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండి కడెం కుస్తీతో ముగుస్తుంది. మహారాష్ట్ర నుంచి, కర్ణాటక నుంచి పహిల్వాన్లు వస్తారు. ఆ పహిల్వాన్లు తాలీంలో తీసే బైఠక్‌లు ఏమిటి? గొంతుక్కూర్చుని లేవడమే. కొన్ని చోట్ల బస్కీలంటారు. వినాయక చవితికి చేతులు అడ్డంగా వేసి, చెవులు పట్టుకుని తీసే గుంజీలూ అవే. దేవుడి ముందు భక్తి, తాలీంలో బలం. బడి గేటు దాటి లోపలికి వచ్చేసరికి మాత్రం అది శిక్ష. అలా మార్చింది నాలాంటివాళ్లమే.

ఏ బడో చెప్పను. ఒకరోజు ప్రార్థనకు ఆలస్యంగా వచ్చిన తొమ్మిదో తరగతి పిల్లవాణ్ని యాభై గుంజీలు తీయమన్నాను. మధ్యలో నవ్వాడని ఇంకో యాభై వేశాను. (నవ్వింది నన్ను చూసి కాదని తర్వాత తెలిసింది.) మర్నాడు వాడు బడికి రాలేదు. మూడో రోజు వచ్చాడు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని పీతలాగా పక్కకు దిగుతున్నాడు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. వాళ్లమ్మ కూడా “కొట్టలేదు గదా సారూ, మంచిదే” అని వెళ్లిపోయింది. ఆమె కోప్పడినా బాగుండేది.

చాలా ఏళ్లకు ఒక శిక్షణలో డాక్టర్ ఒకాయన చెప్పాడు. అలవాటు లేని ఒంటి చేత ఒక్కసారిగా వందలకొద్దీ గుంజీలు తీయిస్తే తొడ కండరం లోపల చితికి, ఆ చితికిన పదార్థం రక్తంలో కలుస్తుందట. మూత్రం చాయ్ రంగుకు మారుతుందట. పట్టించుకోకపోతే మూత్రపిండాలే దెబ్బతింటాయట. రాబ్డోమయోలిసిస్ అని దాని పేరు. ఆ రాత్రి నిద్ర పట్టక, అన్నేళ్లలో ఎంతమంది పిల్లల చేత ఎన్ని తీయించానో లెక్క వేయబోయి మధ్యలో వదిలేశాను. అంతదాకా ఎవరికీ రాకపోవడం ఆ పిల్లల అదృష్టం. నా తెలివి మాత్రం కాదు.

విద్యాహక్కు చట్టం 2009లోనే వచ్చింది. దాని 17వ సెక్షన్ పిల్లలకు శారీరక శిక్ష కూడదంటుంది. బెత్తం చాలావరకు మూలకు చేరింది. గుంజీలు చేరలేదు, ఎందుకంటే వాటిని ఎవరూ దెబ్బల్లో కలపరు. “కొట్టలేదు గదా.”

గుంజీలు శిక్షగా మారడం వల్ల రెండో నష్టం ఒకటి జరిగింది. అది మా వృత్తికి తగిలిన దెబ్బ. ఆటల పీరియడ్‌లో కాళ్లు బలపడాలని “పది గుంజీలు తీయండి” అంటే చాలు, అరవై ముఖాలు ‘మేమేం చేశాం సార్’ అన్నట్టు చూసేవి. లెక్కల సారు ఎక్కం రాని పిల్లవాడికి శిక్షగా ఇంకో ఎక్కం అప్పజెప్పమంటే లెక్కల మీద ప్రేమ ఎలా పుడుతుంది? నేను చేసింది అదే. కాలికి అంతకు మించిన కసరత్తు లేదని తెలిసినవాణ్ని, దాన్నే సిగ్గుపడే పనిగా మార్చాను.

తర్వాత దిద్దుకోవడానికి కరణం మల్లీశ్వరి కథ చెప్పేవాణ్ని. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి. 2000 సెప్టెంబర్ 19న సిడ్నీలో, వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో, స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఇంతవరకు అందరికీ తెలుసు. పిల్లలు గమనించనిది ఒకటుంది. స్నాచ్‌లో బరువును తలపైకి అందుకునేది నిలబడి కాదు. బార్ ఇంకా పైకి లేస్తుండగానే దాని కిందికి దూరి, పూర్తిగా గొంతుక్కూర్చుని, చేతులు చాచి పట్టుకుని, అప్పుడు లేస్తారు. తలపై వడ్ల బస్తాను మించిన బరువు పెట్టుకుని తీసిన ఒక్క గుంజీ అది. ఈ కథ చెబుతుంటే వెనక వరుసలోంచి ఒక పిల్ల అడిగింది, “ఆమెకు శిక్ష ఎవరు ఏసిన్రు సార్?” అని. తరగతంతా నవ్వింది, నేనూ నవ్వాను.

మోకాలు పూర్తిగా ముడవకూడదు, సగంలో ఆపాలి అనే మాట మా శిక్షణ రోజుల్లో వినిపించేది. దాని మూలం అమెరికాలో ఉంది. 1961లో కార్ల్ క్లైన్ అనే ఆయన, పూర్తిగా కూర్చుని లేస్తే మోకీలును పట్టి ఉంచే స్నాయువులు వదులవుతాయని ప్రకటించాడు. ఆ మాట సముద్రాలు దాటి వచ్చింది. తర్వాతివాళ్లు చేసిన పరీక్షల్లో అది నిలబడలేదన్న కబురు మాత్రం ఇక్కడికి ఆలస్యంగా చేరింది.

అలాగని, పాత రోజులే మేలు, కుర్చీలు పారేసి అందరూ నేలకు దిగండని నేను అనడం లేదు. మా అమ్మను చూసినవాణ్ని, అలా అనలేను.

అమ్మ తెల్లవారకముందే పొయ్యి ముందు గొంతుక్కూర్చుని జొన్నరొట్టెలు చేసేది. పగలంతా పరాయి చేన్లలో కుర్పి పట్టుకుని కలుపు తీసేది, అదీ గొంతుక్కూర్చునే, ఆ కూర్చున్న తీరులోనే ముందుకు జరుగుతూ. ఇంటికొచ్చి బోళ్లు తోమేదీ అలాగే. అరవై దాటేసరికి మోకాళ్లు పోయాయి. చివరి నాలుగేళ్లు, ప్లాస్టిక్ కుర్చీకి నడిమధ్య కోసిన రంధ్రమే ఆమె మరుగుదొడ్డి. కోసింది నేనే. అంచులు గుచ్చుకోకుండా పాత గుడ్డ చుట్టాను.

బీజింగ్‌లో పరిశోధకులు ముసలివాళ్ల మోకాళ్లకు ఎక్స్‌రేలు తీసి, పాతికేళ్ల వయసులో మీరు రోజుకు ఎంతసేపు గొంతుక్కూర్చునేవారు అని అడిగి, లెక్కగట్టి 2004లో ప్రచురించారు. రోజుకు 3 గంటలు, ఆపైన కూర్చున్నవాళ్లలో మోకీళ్ల అరుగుదల అరగంట లోపు కూర్చున్నవాళ్ల కంటే స్పష్టంగా ఎక్కువ. మా అమ్మకు 3 గంటలు పొద్దున పది కాకముందే అయిపోయేవి.

ఈ నిజాంసాగర్ ఆయకట్టులో పనిచేసిన ఆడవాళ్లందరిదీ ఇదే లెక్క. నాటు వేసేది వంగి, కలుపు తీసేది కూర్చుని. 1923లో మొదలైన ప్రాజెక్టు 1931లో పూర్తయి మంజీర నీళ్లు కాలువకెక్కాయి. నాటి నుంచి ఇక్కడి పంట ఆడవాళ్ల నడుముల మీద, మోకాళ్ల మీద నడిచింది. ప్రాజెక్టు మాట వస్తే దాన్ని కట్టించిన ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. మోకాళ్లకు శిలాఫలకం ఎవరూ వేయలేదు. బీడీలు చుట్టే అక్కలది ఇంకో రకం. ఒళ్లో చాట, సక్లముక్లం వేసుకుని, కట్టలు లెక్కకు వచ్చేదాకా గంటల తరబడి కదలరు. అది గొంతుక్కూర్చోవడం కాదు గానీ, మోకాలికి ఆ తేడా పెద్దగా తెలియదు.

అంటే మన జిల్లాలో ఒకే పనిని కొందరు ఒళ్లు అరిగేదాకా చేస్తున్నారు, కొందరు మరిచిపోయేదాకా చేయడం లేదు. నా ఫిర్యాదు ఈ రెంటి మీదా.

ఈ రెంటికీ మధ్య మేలైన తీరూ ఒకటుంది. పొద్దున ప్రాజెక్టు కట్ట మీద నడుస్తుంటే చేపలు పట్టేవాళ్లు కనిపిస్తారు. వల చిక్కు తీస్తూ గొంతుక్కూర్చుంటారు, పది నిమిషాలకు లేచి నీళ్ల దగ్గరికి పోతారు, వచ్చి బీడీ ముట్టించుకుని మళ్లీ కూర్చుంటారు. టాంజానియాలో వేట మీద, దుంపల మీద బతికే హాడ్జా అనే జనం ఉన్నారు. వాళ్లూ రోజుకు దాదాపు 10 గంటలు విశ్రాంతిగానే గడుపుతారని, అందులో కొంతసేపు గొంతుక్కూర్చునో మోకాళ్ల మీదో ఉంటారని, ఆ భంగిమల్లో కాలి కండరాలు కుర్చీలో కంటే ఎక్కువ పనిచేస్తాయని 2020లో పరిశోధకులు రాశారు. అది చదివినప్పుడు నాకు టాంజానియా తోచలేదు, మా కట్ట తోచింది.

ఇక అడగాల్సినవి అడుగుతాను.

మొదటిది, అన్నిటికంటే ముఖ్యమైనది, ఒక్క పేజీ ఉత్తర్వు. జిల్లాలో ఏ బడిలోనూ, ప్రైవేటుదైనా సరే, గుంజీలను శిక్షగా తీయించరాదని పేరు పెట్టి రాయాలి. ‘శారీరక శిక్ష’ అని రాస్తే మావాళ్లు బెత్తం దగ్గరే ఆగిపోతారు. గుంజీలు అన్న మాటే పడాలి. దాని కిందనే, రోజూ ప్రార్థన తర్వాత పిల్లలతో పాటు టీచర్లు కూడా పది గుంజీలు తీయాలని రాయండి. టీచర్లు తీయకపోతే పిల్లలు నమ్మరు. మడిమలు లేచేవాళ్లకు మడిమల కింద రెండు వేళ్ల మందం చెక్క పెట్టాలి. వారాలు గడిచేకొద్దీ చెక్క పలచబడాలి. పది తర్వాత పన్నెండు, పదిహేను. వంద ఎప్పుడూ వద్దు. చెవులు పట్టుకోనక్కర్లేదు, చేతులు ముందుకు చాపితే చాలు.

బడికి వచ్చిన డెస్కులు వద్దనను. రాసుకునేటప్పుడు పిల్లల వీపుకు అవి సుఖం. మధ్యాహ్న భోజనం మాత్రం వరండాలో నేల మీదనే కొనసాగనివ్వండి. దాతలెవరైనా డైనింగ్ బల్లలు ఇస్తామంటే ఆ డబ్బుతో ఖో-ఖో స్తంభాలు పాతించండి. ఖో-ఖోను మించిన గుంజీల బడి లేదు. ఎనిమిది మంది వరుసగా, ఒకరు ఇటు ఒకరు అటు ముఖం పెట్టి గొంతుక్కూర్చుంటారు. వీపు మీద చెయ్యి పడి ‘ఖో’ వినపడగానే ఒక్క ఉదుటున లేచి ఉరకాలి. రెండు స్తంభాలు, ఒక సంచి సున్నం, అంతే ఖర్చు. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ప్రపంచకప్పులో మన దేశపు ఆడవాళ్ల జట్టూ మగవాళ్ల జట్టూ రెండూ గెలిచాయి. 2022 నుంచి ఊరూరా క్రీడా ప్రాంగణాలు ఉన్నాయి కాబట్టి స్థలం వెతకాల్సిన పని కూడా లేదు.

మరుగుదొడ్ల గురించి రెండు వైపులా చెప్పాలి. స్వచ్ఛభారత్ కింద రూ.12,000 ఇచ్చి ఊళ్లలో కట్టించినప్పుడు ఎక్కువగా బిగించింది నీళ్లు తక్కువ పట్టే ఏటవాలు లెట్రిన్లే. బడుల్లో వాటిని పీకి కమోడ్లు పెట్టొద్దు. కడుపుకు కూడా నేల లెట్రినే మంచిది. గొంతుక్కూర్చున్నప్పుడు, పెద్దపేగు చివరను మడిచి పట్టుకునే కండరం బాగా వదులవుతుంది. ఇజ్రాయెల్‌లో డోవ్ సికిరోవ్ అనే డాక్టర్ 28 మందికి గడియారం ఇచ్చి లెక్క రాయించాడు. గొంతుక్కూర్చుంటే సగటున 51 సెకన్లు, మామూలు కమోడ్ మీద 130 సెకన్లు పట్టింది. 2003లో అచ్చయిన లెక్క ఇది. అయితే ముసలివాళ్లు వచ్చే చోట్ల కథ వేరు. పింఛను పని మీద ఒక కార్యాలయానికి వెళ్లిన మా అమ్మ, కూర్చుంటే లేవలేనని తెలిసి, ముందు రోజు రాత్రి నుంచి నీళ్లు తాగకుండా ఉండిపోయింది. అలాంటి ప్రతిచోటా ఒక్క కమోడ్, మిగతా మరుగుదొడ్లలో గోడకు మూరెడు ఇనుప కడ్డీ బిగించండి. పట్టుకుని లేవడానికి కడ్డీ ఉంటే సగం మంది కమోడ్ అడగరు.

కలుపు తీసేవాళ్లకు నిలబడి పనిచేసే పొడుగు పిడి పరికరాలు కావాలి. వ్యవసాయ శాఖ వాళ్లు ఊరికి కొన్ని కొని, పలుగూ పారా ఎరువు తీసుకున్నట్టు ఒకరి నుంచి ఒకరు తీసుకునేలా ఏర్పాటు చేయాలి. వరిలో కలుపు తీసే కోనోవీడర్ నడవాలంటే నాటు వరుసల్లో పడాలి. ఆ శిక్షణ భూమి ఉన్న రైతుకు కాదు, నాటుకు పోయే ఆడవాళ్ల ముఠాకు ఇప్పించండి. వరుసకు తాడు లాగేది వాళ్లు.

ఇంకొకటి, ఖర్చు లేనిది. బ్రెజిల్‌లో క్లాడియో గిల్ అరావుజో అనే డాక్టర్ ఒక పరీక్ష పెట్టాడు. నిలబడ్డ మనిషి నేల మీద కూర్చుని తిరిగి లేవాలి. దిగడానికి 5 మార్కులు, లేవడానికి 5. చెయ్యో మోకాలో ఆనించిన ప్రతిసారీ ఒక మార్కు పోతుంది. 51 నుంచి 80 ఏళ్ల మధ్య వాళ్లను 2,002 మందిని అలా పరీక్షించి, ఏళ్ల తరబడి గమనించి 2012లో ఫలితం ప్రచురించాడు. మార్కులు తక్కువ వచ్చినవాళ్లలో ఆ తర్వాత చనిపోయినవాళ్లు ఎక్కువ. మన ఊళ్లలో వైద్య శిబిరం పెట్టినప్పుడు బీపీ, షుగరుతో పాటు ఇదీ చూడమనండి. ఒక చాప చాలు. పడిపోకుండా పక్కన ఒకరు నిలబడాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లను బలవంతపెట్టకూడదు.

ఆ పరీక్ష నేనూ చేసి చూసుకున్నాను. మొదటిసారి 6 వచ్చాయి. పీఈటీకి ఆరా అని మా ఆవిడ మళ్లీ తిట్టింది. అప్పటి నుంచి మనవడూ నేనూ కలిసి మొదలుపెట్టాం. ద్వారబంధం రెండు చేతులా పట్టుకుని దిగడం, ఆ తర్వాత ఒక చేత్తో, ఆ తర్వాత మడిమల కింద చెక్కతో. పదిహేను రోజులకు వాడు చెక్క పక్కన పెట్టేశాడు. వాకిట్లో పక్కింటి పిల్లలతో గోటీలాడుతూ గొంతుక్కూర్చుని ఉంటే, అన్నానికి పిలిచినా లేవలేదు. నాకు ఇంకా చెక్క కావాలి.

జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ లోపు ఉత్తర్వు ఇప్పించగలరు. మొదటి రోజు ప్రార్థనకు ఏ బడి వాళ్లు పిలిచినా వస్తాను. నాకు ఇప్పుడు ఆగకుండా ఇరవై వస్తున్నాయి.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక రిటైర్డ్ పీఈటీ,
నిజాంసాగర్.